వాళ్లకి చెప్పండమ్మా

మా ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. అన్న మా ఆయన, తమ్ముడు మా మరిది. ఉండేది ఒకే ఇల్లు, ఒకే బావి, ఒకే కొబ్బరితోట, ఒకే భోజనాల బల్ల. బావి మోటారు ఆపకుండా వెళ్లి కాల్చేసింది నువ్వంటే నువ్వని మొదలైన గొడవ, ఆ మోటారుకు కొత్త తీగ చుట్టించి తెచ్చి నీళ్లు పారించుకున్నాక కూడా చల్లారలేదు. అయినా తోట పని ఆగుతుందా? బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని నాతో మాట్లాడతారు.

"వానికి చెప్పు, రేపు కాయ దించేదానికి కూలోళ్లు వస్తారని," అంటాడు మా ఆయన.

"పొద్దున్నే రమ్మనండి వదినా. ఎండ ఎక్కినాక ఎవురూ చెట్టెక్కరు," అంటాడు మరిది, చెయ్యి చాపితే అన్న కంచం అందేంత దూరంలో కూర్చుని.

నేను ఒకరి మాట ఇంకొకరికి తిరిగి చెప్పే పనే లేదు. ఇద్దరికీ చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. నేను అక్కడ ఉంటే చాలు. తమిళుల నడుమ, కారమడై చుట్టుపక్కల మా తెలుగు ఇళ్లల్లో ఇదేమంత వింత కాదు. అలిగినవాళ్ల నడుమ ఎవరో ఒకరు ఉంటారు. కోడలో, చిన్నపిల్లో, ఎవరూ లేకపోతే గేదె. మా మేనత్త ఒకావిడ మొగుడికి చెప్పాల్సినదంతా తిరగలికి చెప్పేది, ఆయన వసారాలో కూర్చుని వినేవాడు.

ఇంతకీ నా ఉద్యోగం ఏమిటంటే, మనుషులు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం ఎలాగో పిల్లలకు నేర్పే లెక్చరర్లకు సాయం చేయడం. నవ్వితే నవ్వండి. నేనూ నవ్వుకున్నాను.

చదివింది తమిళంలో, పాఠాలు చెప్పి రిటైరయింది ఇంగ్లీషులో. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలు మాత్రం పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను, అందుకే నా రాత కాస్త ఇస్త్రీ చొక్కా వేసుకున్నట్టు ఉంటుంది. రిటైరయ్యాక ఇంట్లో అన్నదమ్ముల మధ్య కూర్చుని విసిగిపోయి ఉన్నప్పుడు మేట్టుపాళయం రోడ్డు మీది ఒక కాలేజీ నుంచి పిలుపు వచ్చింది. కొత్త పేపర్ ఒకటి పెట్టారట. మనకు నచ్చని మాట చెప్పేవాడిని చివరిదాకా ఎలా వినాలి, తిట్టకుండా ఎలా కాదనాలి, వీధిలో సమస్య ఉంటే ఆఫీసుకు ఎలా తీసుకెళ్లాలి, ఇవీ అందులో పాఠాలు. ఇవి చెప్పాల్సిన లెక్చరర్లకు ఇవి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నేను క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని చూడాలి. క్లాసయ్యాక ఆ లెక్చరర్‌తో టీ తాగుతూ మాట్లాడాలి. క్లాసు జరుగుతున్నంతసేపూ నోరు విప్పకూడదు. ఆ షరతు విని నన్నెరిగిన వాళ్లందరూ ఇది జరిగే పని కాదన్నారు.

చేరి కొన్నాళ్లయినా నా పని ఏమిటో నాకు అంతు పట్టలేదు. పాఠం చెప్పడం కాదు, తనిఖీ కాదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఏ డిపార్ట్‌మెంట్ అని అడిగితే తెల్లమొహం వేశాను. మా ఆయన అడిగితే "కూర్చునే ఉద్యోగం" అన్నాను. "ఇంట్లో చేసేది అదే కదా," అన్నాడు.

నాకు అప్పగించిన లెక్చరర్ చిన్నవాడు. ఊరు తిరుమంగళం పక్కన. గంటకింత అని ఇచ్చే కొలువు ఆయనది, ఆ గంటలన్నీ ఈ పేపరువే. అది పోతే కాలేజీలో ఆయనకు చోటు లేదు. మొదటివారం క్యాంటీన్‌లో ఆయన ఫోన్‌లో వాళ్లమ్మతో మాట్లాడుతుంటే విని ఉలిక్కిపడ్డాను. తెలుగు! మాది కాని తెలుగు, కానీ తెలుగే. ఫోన్ పెట్టగానే అడిగాను.

"మేము కూడా ఇంట్లో ఇదే మేడమ్. మదురై పక్క మా చర్చిలో పాట తమిళం, కొట్లాట తెలుగు," అని నవ్వాడు.

వాళ్ల పెద్దలు తోటల్లో పనిచేసినవాళ్లు. మా పెద్దలు తోటలున్నవాళ్లు. ఆ సంగతి ఆయనకూ అర్థమైంది, నాకూ అర్థమైంది. ఇద్దరం దాన్ని టీ గ్లాసుల కింద పెట్టేసి పిల్లల గురించి మాట్లాడుకున్నాం.

ఆ క్లాసు బాగానే నడిచేది. బస్‌స్టాప్ సంగతి వచ్చేదాకా. కాలేజీకి కాస్త ముందు, మెయిన్ రోడ్డు మీద ఒక కాలనీ ఉంది. మా పక్క కాలనీ అంటే ఊరు దూరంగా ఉంచినవాళ్ల ఇళ్లని అర్థం. బస్‌స్టాప్ ఆ కాలనీ మొదట్లో ఉంది. దాన్ని తీసి కాలేజీ గేటు దగ్గర పెట్టాలని కొందరు అర్జీ ఇచ్చారు. వీధి సమస్య కదా, క్లాసుకు ఇంతకన్నా మంచిదేం దొరుకుతుందని మా లెక్చరర్ అదే తీసుకున్నాడు. క్లాసులో ఒకమ్మాయిది ఆ కాలనీయే. ఒక అబ్బాయి వాళ్లకు కాలేజీ గేటు పక్కన దుకాణాలున్నాయి, అర్జీలో వాళ్ల నాన్న సంతకమూ ఉంది. అమ్మాయి లేచి, స్టాప్ మారిస్తే కాలనీ వాళ్లందరూ అంత దూరం నడవాలి అంది.

"కొంచెం నడిస్తే ఏమవుతుంది? మీ వాళ్లకి నడక అలవాటే కదా," అన్నాడు అబ్బాయి.

తమిళంలో అన్నాడు. ఏ భాషలో అన్నా ఒకటే. లెక్చరర్ చేతిలో చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయాడు. నా నోట్లో మాట నాలుక చివరిదాకా వచ్చింది, షరతు గుర్తొచ్చి మింగాను. అమ్మాయి కూర్చుంది. ఆ రోజు నుంచి నోరు తెరవలేదు. ఆమెతో పాటు కిటికీ వైపు వరసంతా నోరు మూసుకుంది. అబ్బాయి వైపు వాళ్లు మొదట్లో గొప్పగా ఉన్నారు, తర్వాత వాళ్లకూ ఇబ్బందిగా తయారైంది.

"ఏం చేసేది మేడమ్?" అని అడిగాడు లెక్చరర్.

చేరేముందు కాలేజీవాళ్లు ఇప్పించిన ట్రైనింగులో నేర్చుకున్నదంతా ఏకరువు పెట్టాను. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టు. ఎదుటివాడి తప్పు కాకుండా తనకు ఏమనిపించిందో చెప్పమను. మధ్యలో మాట్లాడకు. ఆయన అన్నీ చేశాడు. పిల్లలు ఎదురెదురుగా కూర్చుని గోళ్లు చూసుకున్నారు.

ఈ లోపు ప్రిన్సిపాల్ మమ్మల్ని పిలిచాడు. ఈ పేపర్ గంటను ఉద్యోగాల కోచింగ్‌కు ఇవ్వమని మేనేజ్‌మెంట్ అడుగుతోందట. లెక్చరర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. ప్రిన్సిపాల్ నావైపు చూసి, "ఆయనకి చెప్పండి మేడమ్, సెమిస్టర్ చివరికల్లా ఆ పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. మాట్లాడుకున్నారని మీరు చెబితే ఈ పేపర్ ఉంచుతాను. లేదంటే తీసేస్తాను," అన్నాడు. నేను సరేనన్నాను. బయటికొచ్చాక లెక్చరర్ మొహం చూడలేకపోయాను.

ఆ తర్వాతి వారం కుర్చీలు మళ్లీ ఎదురెదురుగా వేశాడు. అమ్మాయి ఒకదాంట్లో, అబ్బాయి ఒకదాంట్లో. ఉన్నట్టుండి అమ్మాయి కుర్చీలోంచి వెనక్కి తిరిగి, క్లాసంతా దాటి నావైపు చూసింది.

"వాళ్లకి చెప్పండమ్మా," అంది. తెలుగులో.

ఆ పిల్లకు తెలుగు వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నాకు వచ్చని ఆమెకు ఎలా తెలుసో అంతకన్నా తెలియదు. తర్వాత తెలిసింది, వాళ్ల అవ్వ ఒకప్పుడు మా తోటలో కలుపుకు వచ్చేదట. కానీ అనాల్సిన చోట మా అందరిలాగే తమిళపు ఆనా అంటుంది.

"మా అమ్మ ఆస్పత్రిలో ఊడ్చే పనికి పొయ్యేదానికి మొదటి బస్సు ఎక్కుతాది. అప్పుడు ఇంకా తెల్లారి ఉండదు. రోడ్డు మీద లైటు లేదు, లారీలు పోతుంటాయి. నడక మాకు అలవాటే. ఆనా లారీకి మేము అలవాటు లేదు కదమ్మా. అది చెప్పండి వాళ్లకి."

అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. వాడిదీ తెలుగు ఇల్లే, మావాళ్లకు దూరపు చుట్టరికం కూడా. వాడూ నావైపే తిరిగాడు.

"పెద్దమ్మా, నేను ఆ మాట అన్నది తప్పే అని చెప్పండి. ఆనా స్టాప్ మార్చేది మా అప్పా ఒక్కరు చెప్పింది కాదు. కాలేజీ పిల్లోళ్లు కూడా అక్కడ దిగి రోడ్డు దాటేదానికి భయపడుతుండారు."

"ఆమాంగ, అవును, అది మాకూ తెలుసు. రోడ్డు దాటేదానికి వేరే దారి అడగవచ్చును కదా అని అడగండమ్మా."

నా మనసు ఉప్పొంగిపోయింది. నోరు విప్పకూడదు కాబట్టి ఒకసారి అటు, ఒకసారి ఇటు తల ఊపుతూ కూర్చున్నాను. ఇంట్లో చేసేది అదే. తమిళం పిల్లలు పక్కవాళ్లను మెల్లగా అర్థం అడిగి తెలుసుకుంటున్నారు. బెల్ కొట్టేదాకా అలా నడిచింది. పేపర్ బతికింది, లెక్చరర్ కొలువు బతికింది అనుకుని నేరుగా క్యాంటీన్‌కు వెళ్లి టీతో పాటు వడ కూడా చెప్పాను.

లెక్చరర్ వచ్చి కూర్చున్నాడు. వడ ముట్టుకోలేదు.

"వాళ్లు మాట్లాడుకోలేదు మేడమ్," అన్నాడు. "మీతో మాట్లాడినారు."

"అదేంటయ్యా! తప్పయిందని కూడా అన్నాడు కదా. మా ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఇట్లనే..." అని మా బల్ల భాగోతమంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.

"మీ ఇంట్లో అది అలక మేడమ్," అన్నాడు. "మా ఇండ్లల్లో అలక కాదు. మా అవ్వ తోట పెద్దాయనతో నేరుగా మాట్లాడేదానికి లేదు. పెరటి వాకిలి కాడ నిలబడి ఇంటి అమ్మతో చెప్పాల. అమ్మ లోపలికి పోయి చెప్తాది. జవాబు కూడా అమ్మే తెస్తాది. మంచి అమ్మయితే కొంచెం మెత్తగా మార్చి తెస్తాది. ఆ పాప ఈ రోజు అట్లనే మిమ్మల్ని పిలిచింది. తన క్లాసులో కూర్చున్న పిల్లోనితో మాట్లాడేదానికి."

నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో మా పెరటి వాకిలి నాకు బాగా గుర్తుంది. తొట్టి పక్కన ఆడవాళ్లు నిలబడేవారు. నేను వాళ్ల మాట విని లోపలికి మోసేదాన్ని, మామగారి మాట బయటికి మోసేదాన్ని. అందరూ నన్ను మంచి అమ్మ అనేవారు. నాకది బాగుండేది. ఇప్పుడు ఈయన చెప్పింది విన్నాక అది బాగుండటం మంచిదో కాదో తేల్చుకోలేక తల పట్టుకున్నాను. నేను లేకపోతే ఆ మాట లోపలికి చేరేదే కాదు. నేను ఉండబట్టే వాళ్లు లోపలికి రాలేదేమో కూడా. రెండూ నిజమే అనిపించింది, రెండూ ఒకేసారి నిజమెలా అవుతాయో అర్థం కాలేదు.

"చివరి క్లాసుకి మీరు రావద్దు మేడమ్," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నన్ను పెట్టుకున్నదే కూర్చోవడానికి. పైగా ప్రిన్సిపాల్ అడగబోయేది నన్నే.

"నేను చూడకపోతే ఆయనకి ఏం చెప్పాలి? మీ కొలువు సంగతి గుర్తుందా?" అన్నాను.

"ఉండాది మేడమ్."

"మరి?"

"తెలీదు మేడమ్," అన్నాడు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు. మొండివాడు. కోపంగా ఉన్నా, ఆ మొండితనం నాకు ఎక్కడో నచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఒక ప్రయోగం చేశాను. అన్నదమ్ములిద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. మా ఆయన "వానికి చెప్పు" అనగానే నా కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. తలుపు వెనక నిలబడి చెవి పెట్టాను. తర్వాత మా ఆయన గొంతు వినబడింది.

"ఏమిరా, సాయంకాలం మోటారు ఎవురు నిలిపేది?"

మాట్లాడాడు! మెల్లగా తొంగిచూశాను. మా ఆయన బల్ల కిందికి చూస్తున్నాడు. అక్కడ మా కుక్క తోక ఊపుతోంది.

"నేను నిలుపుతానని చెప్పు," అన్నాడు మరిది, ఆయన కూడా కుక్కతోనే.

కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నవ్వి నవ్వి ఏడుపొచ్చింది. ఇంత కాలం నేను చేస్తున్న పని కుక్క కూడా చేయగలదన్నమాట. నేను తప్పుకుంటే నా చోటికి కుక్క వస్తుంది తప్ప వీళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మరి ఆ క్లాసులో నేను లేకపోతే ఏం జరుగుతుంది? అమ్మాయి మళ్లీ నోరు మూసుకుంటుంది, పేపర్ పోతుంది, ఆయన సంచి సర్దుకుని తిరుమంగళం బస్సెక్కుతాడు. వెళ్లాలా, మానాలా? ఎటూ పాలుపోలేదు.

చివరి క్లాసు రోజున కాలేజీకి వెళ్లాను, క్లాసుకు వెళ్లలేదు. వరండా చివర మంచినీళ్ల కుళాయి పక్కన మెట్టు మీద కూర్చున్నాను. తలుపు వేశారు. కాసేపు పిల్లల గోల వినబడింది, తర్వాత అదీ లేదు. కాళ్లు లేచి వెళ్దామంటున్నాయి. ఒక్కసారి వెళ్లి వెనక కూర్చుంటే ఏం కొంప మునుగుతుంది, అమ్మాయికి ధైర్యంగానైనా ఉంటుంది అనుకుంటూండగా తలుపు తెరుచుకుంది. అమ్మాయి బయటికొచ్చి వరండాకు అటూ ఇటూ చూసింది. నన్నే వెతుకుతోంది. చటుక్కున స్తంభం వెనక్కి జరిగాను. ఈ వయసులో, చీర కుచ్చిళ్లు చేత్తో దగ్గరికి లాక్కుని, దొంగాటలో పిల్లలా నిలబడ్డాను. ఆమె చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

అంతలో అబ్బాయి గొంతు పెద్దగా వినబడింది. దానికి మించి అమ్మాయి గొంతు. మళ్లీ అబ్బాయి. తమిళమో తెలుగో తెలియలేదు, మాట ఒక్కటీ పట్టుబడలేదు. కొట్లాట అని మాత్రం తెలుస్తోంది. లెక్చరర్ గొంతు అసలు లేదు. పరిగెత్తుకెళ్లి ఆపాలా అనుకున్నాను, కొట్లాట తగ్గింది. వెళ్లొద్దులే అనుకున్నాను, మళ్లీ పెరిగింది. ఏదో నవ్వు లాంటిది కూడా వినబడింది, ఎవరిదో తెలియదు. ఇంతలో బెల్ కొట్టింది.

పిల్లలు బయటికొచ్చారు. అమ్మాయి కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుళాయి దగ్గర నన్ను చూసి ఆగింది.

"పోయొస్తాను మేడమ్," అంది, వెళ్లిపోయింది. అమ్మా అనలేదు.

అబ్బాయి నావైపు చూడనే లేదు. తల దించుకుని బండి స్టాండ్ వైపు వెళ్లాడు. చివరికి లెక్చరర్ చేతులకంటిన చాక్ పొడి దులుపుకుంటూ వచ్చాడు. మనిషి బాగా అలిసిపోయి ఉన్నాడు.

"మాట్లాడినారా?" అని అడిగాను.

"మాట్లాడినారు మేడమ్."

"ఏమనుకున్నారు? ఎవరిది పైచేయి? స్టాప్ సంగతి ఏమైంది?"

"మేడమ్‌కి చెప్పొద్దు అన్నారు."

"ఎవురు?"

"ఇద్దరూ మేడమ్."

నాకు ఎక్కడో చురుక్కుమంది. ఆ వెంటనే సంతోషం వేసింది. ఏది ముందో, ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను. కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాను. ఇద్దరం కలిసి ప్రిన్సిపాల్ గది దాకా నడిచాం. అటెండర్ నన్ను ఒక్కదాన్నే లోపలికి పంపాడు. లెక్చరర్ బయట బల్ల మీద కూర్చున్నాడు.

"మాట్లాడుకున్నారా మేడమ్?" అని అడిగాడు ప్రిన్సిపాల్.

"మాట్లాడుకున్నారు."

"మీరు విన్నారా?"

"లేదు సార్."

"మరి మాట్లాడుకున్నారని ఎలా చెబుతున్నారు?"

"నాకు చెప్పకూడదని ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్నారు సార్," అన్నాను.

ఆయన నావైపు అయోమయంగా చూశాడు. ఆయన్ని తప్పుపట్టను, నా పరిస్థితీ అదే. పెన్ను తీసి, టైంటేబుల్ దగ్గరికి లాక్కున్నాడు.

"సరే, ఉంచుదాం. వచ్చే సెమిస్టర్‌లో ఈ గంట ఏ రోజు పెట్టాలో ఆయన్ని కనుక్కుని నాకు చెప్పండి మేడమ్," అన్నాడు.

నేను లేచి తలుపు బార్లా తెరిచాను.

"ఆయన ఇక్కడే ఉన్నారు సార్," అన్నాను. "మీరే అడగండి."